ఓడిపోవలసిన కేసు

వకీలంటే గెలుపు కోసమే వాదిస్తాడని లోకం అనుకుంటుంది. మరి ఓడిపోతేనే పదిమందికీ మేలు జరిగే కేసు నెత్తిన పడితే? అమెరికాలో కాన్సాస్ రాష్ట్ర ప్రభుత్వ న్యాయవాది పాల్ విల్సన్‌కు 1952లో అలాంటి పరీక్షే ఎదురైంది.

15 వేలు మించి జనాభా ఉన్న పట్టణాల్లో తెల్ల, నల్లజాతి పిల్లలకు వేర్వేరు ప్రాథమిక పాఠశాలలు నడుపుకోవచ్చని ఆ రాష్ట్రంలో 1879 నాటి చట్టం అనుమతించేది. దానిపై టొపీకా పట్టణంలోని నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వారిలో ఒకరైన ఆలివర్ బ్రౌన్ పేరుతోనే ఆ కేసు చరిత్రలో నిలిచింది.

కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి పట్టణ విద్యామండలి వాదించడానికే ముందుకు రాలేదు. భారమంతా విల్సన్‌పై పడింది. అంతకుముందు ఆయన ఏ అప్పీలు కోర్టులోనూ వాదించి ఎరుగరు. అయినా చట్టం చేసే అధికారం రాష్ట్రానికి ఉందని, పాత తీర్పులు అందుకు అనుకూలంగా ఉన్నాయని వాదించారు.

1953లో విద్యామండలే వేర్పాటును వదులుకోవాలని తీర్మానించింది. 1954 మే 17న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా పిల్లల పక్షాన తీర్పు చెప్పారు. విల్సన్ ఓడిపోయారు. తర్వాత కాన్సాస్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించారు. 1995లో ఆ కేసు అనుభవాలను పుస్తకంగా వెలువరించారు. దాని పేరుకు అర్థం 'ఓడిపోయే సమయం'!

విద్యామండలికైనా, మునిసిపాలిటీకైనా వకీలు అవసరమే. అయితే ఆ సంస్థ ఉన్నది ఎవరి కోసం? చట్టం ఏమంటుందో చెప్పడంతో వకీలు పని తీరదు. ఏది న్యాయమో కూడా కక్షిదారుకు ముందుగానే చెప్పగలిగిన వకీలు కోర్టులో ఓడినా మనిషిగా ఓడిపోడు.