సూక్ష్మజీవుల కాపురాలు

సికింద్రాబాదుకు ఈశాన్యంగా వున్న సైనిక్‌పురి, పేరు చెబుతున్నట్లే, సైన్యంలో పనిచేసినవారి నివాసానికై వెలసిన కాలనీ. దండుతో పాటు ఊరూరా తిరిగినవారు స్థలం చూచుకొని, ఇళ్ళు కట్టుకొని, అక్కడ స్థిరపడ్డారు. ఆ ఇళ్ళ మీది నీళ్ళతొట్లలోనూ ఇదే పని చేస్తున్న ప్రజ మరొకటి వున్నది. తొట్టి లోపలి గోడను వ్రేలితో రాస్తే జిగటగా తగిలే పాచిని మనం వట్టి మురికి అనుకుంటాము. అందులో కోట్లకొలది బాక్టీరియాలు సంసారాలు చేస్తున్నవి. ఈ నిర్మాణాన్నే శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. మనం జీవపొర అనుకుందాము.

బాక్టీరియా అనగానే నీటిలో ఒంటరిగా ఈదులాడే కణం మన మనస్సుకు తోస్తుంది. ప్రకృతిలో మాత్రం ఎక్కువ బాక్టీరియాలు ఏదో ఒక తలాన్ని అంటుకొనే జీవిస్తవి. ముందుగా ఒక కణం తలాన్ని తాకి, సన్నని నూగు వంటి తంతువులతో పట్టుకొంటుంది. ఆ పట్టు తొలుత బలహీనమే. నిలద్రొక్కుకొన్న పిమ్మట అది ఈత మాని, రెండుగా, నాలుగుగా విభజన చెందుతూ, చక్కెరలూ మాంసకృత్తులూ కలిసిన జిగురును చుట్టూ స్రవిస్తుంది. ఆ జిగురే ఇంటిగోడ. దాని నడుమ నీరూ ఆహారమూ ప్రవహించడానికి కాలువలు ఏర్పడుతవి. ఊరు ఇరుకైనప్పుడు కొన్ని కణాలు విడివడి, కొత్త తావు వెదకుకొంటూ పోతవి.

ఈ ఊళ్ళను మొట్టమొదట చూచినవాడు హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. 1683లో ఆయన తన పళ్ళగారను తానే చేసుకొన్న సూక్ష్మదర్శినిలో పరిశీలించి, కదలాడే ప్రాణులను గూర్చి లండను రాయల్ సొసైటీకి వ్రాశాడు. ద్రాక్షపులుసుతో నోరు కడిగితే గార పైపైన వున్నవి మాత్రమే చచ్చి, లోపలివి బ్రతికే వున్నవని కూడా గుర్తించాడు. మూడు శతాబ్దాల తరువాత వైద్యులను వేధించిన చిక్కు ఆ పరిశీలనలో అప్పుడే వున్నది.

జంతువుల శరీరాలలో ఈ కాపురాలన్నీ కీడు చేసేవే అనుకోరాదు. మన గేదె ఎండుగడ్డి తిని పాలిస్తున్నదంటే, ఆ ఘనత దాని కడుపులోని సూక్ష్మజీవులది. అవి గడ్డిపోచలను అంటిపెట్టుకొని, గేదె తనంత తాను అరిగించుకోలేని పీచును కరిగించి పెడుతవి. హవాయి తీరంలో ఒక చిన్న స్క్విడ్ వున్నది. పుట్టినప్పుడు దానిలో వెలుగునిచ్చే బాక్టీరియా వుండదు. కొద్ది గంటలలో సముద్రజలం నుండి విబ్రియో ఫిషరీ అనే జాతి వచ్చి, దాని శ్లేష్మంలో గుంపుకట్టి, సన్నని ద్వారాల గుండా లోపలి అరలను చేరుకొంటుంది. రాత్రివేళ ఆ వెలుగు స్క్విడ్ నీడను చెరిపి శత్రువుల బారినుండి కాపాడుతుంది. తెల్లవారగానే స్క్విడ్ తన అతిథులలో నూటికి తొంభైమందిని బయటకు నెట్టివేస్తుంది. మిగిలినవి సాయంత్రానికి మరల వృద్ధి పొందుతవి. ఈ జాతిలోనే 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనేవారు ఒక వింతను కనుగొన్నారు. తాము విడిచే రసాయనం చుట్టూ చిక్కపడినప్పుడు, అనగా తగినంతమంది చేరారని తెలిసినప్పుడే, అవి వెలుగుతవి. అనేక జాతులలో జీవపొర కట్టడానికీ ఇటువంటి సంకేతాలే తోడ్పడుతవి.

ఇదే విద్య శత్రువుల చేతిలో పడితే ప్రాణాంతకం. రోగికి అమర్చిన మూత్రపు గొట్టమూ, కృత్రిమ హృదయకవాటమూ, కంటిలో పెట్టుకొనే కాంటాక్టు లెన్సూ వాటికి చక్కని ఇళ్ళస్థలాలు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు కంటి వ్యాధులలో దొరికిన బాక్టీరియా ఈ పొరలు కట్టే తీరును పరిశీలించారు.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే తొలి మందు. ఇటువంటి మందులు లెక్కలేని ప్రాణాలను నిలిపినవి. కాని జీవపొరలో దాగిన కణాల యెదుట అవే మందులు తరచు తెల్లబోతవి. జిగురు కొంత అడ్డుపడుతుంది. అంతకన్న ముఖ్యంగా, లోలోపలి కణాలు ఆకలితో పెరుగుదల మాని నిద్రాణంగా వుంటవి; పెరిగే కణాలను దెబ్బతీసే మందుకు అవి చిక్కవు. జ్వరం తగ్గుతుంది, మందు ఆగుతుంది, నిద్రపోయినవి లేస్తవి, జ్వరం తిరిగివస్తుంది. అనేక సందర్భాలలో ఆ గొట్టాన్ని తీసివేయడమే వైద్యం. మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్షలు నేటికీ చాలావరకు పొర కట్టుకోని కణాల మీదనే జరుగుతున్నవి.

కాబట్టి గట్టిగా తోమడమనే పాత ఆచారానికి కొత్త గౌరవం దక్కవలసి వున్నది. తొట్టిలో బ్లీచింగు పొడి చల్లినంత మాత్రాన సరిపోదు. ముందు గోడలు రుద్ది పాచి వదలగొట్టాలి. పళ్ళకూ, పాలక్యానుకూ అదే న్యాయం. ఒకే గేదె కడుపులో మనకు పాలిచ్చే కాపురమూ, పొదుగులో పాలను చెరిచే పొదుగువాపు కాపురమూ వుండవచ్చును. మొదటిదాన్ని పోషిస్తూ, రెండవది పాదుకొనకముందే దాన్ని అడ్డుకోవడం పాడి రైతు శుచిగా కడుక్కొన్న చేతులలో వున్నది.