పాత ఫోనుకు కొత్త సైటు తలుపు తీస్తుందా?

పంట అమ్ముకోవాలన్నా, పీఎం కిసాన్ డబ్బు పడాలన్నా, పొలం విస్తీర్ణం సరిచూసుకోవాలన్నా ఇప్పుడు ఫోను తెరవక తప్పడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో భూమి వివరాలకు 2015లో మీభూమి వచ్చింది. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి మొదలైంది. 2025-26 సీజనులో సీసీఐకి పత్తి అమ్మదలచిన రైతులు కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకొని స్లాటు తీసుకోవలసి వచ్చింది.

కొత్త ఫోను ఉన్నవాళ్లకు పని ఇట్టే అయిపోతుంది. కొడుకు వాడి వదిలేసిన పాత ఫోను పట్టుకున్న రైతుకు మాత్రం ఒక్కోసారి తెల్లటి తెర, తిరిగే చక్రం తప్ప ఏమీ కనబడదు. 'సర్వర్ డౌనట' అనుకుని ఇంటికి పోతాడు. సర్వరు బాగానే ఉండి, ఫోనులోని బ్రౌజర్ పాతబడడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. ఏ పాత బ్రౌజర్ల దాకా సైటు పనిచేయాలన్నది దాన్ని తయారుచేసేవాళ్లు ముందుగా తేల్చుకునే విషయం. అది ఎలా తేలుస్తారో, అందులో రైతు మాట ఎక్కడ వినబడాలో చూద్దాం.

ఫిలింనగర్‌కూ ఇదే చిక్కు

బ్రౌజర్ అంటే వెబ్‌సైటును తెరమీద చూపించే సాధనం. సినిమా హాల్లో ప్రొజెక్టరు ఎలాగో, ఫోనులో క్రోమ్ అలాగ. ప్రొజెక్టరు పాతదైతే కొత్త రకం సినిమా ఆడదు. ఈ చిక్కు జూబ్లీహిల్స్, ఫిలింనగర్ సినిమావాళ్లకు చాలా ఏళ్ల కిందటే వచ్చింది.

ఒకప్పుడు రెండున్నర గంటల సినిమా అంటే దాదాపు 13,500 అడుగుల ఫిల్ము. రీళ్లు పెట్టెల్లో సర్ది బస్సుల్లో, రైళ్లలో పంపేవారు. ప్రింట్లు తక్కువ కాబట్టి పట్నంలో ఆడిన వారాల తర్వాత గాని సీ సెంటరుకు పెట్టె దిగేది కాదు. డిజిటల్ వచ్చాక పల్లెటూరి హాల్లో కూడా మొదటి రోజే బొమ్మ పడింది. 2013లో ఫ్యూజీ కంపెనీ సినిమా ఫిల్ము తయారీ ఆపేసింది. రీలు మీదే ఆధారపడిన హాళ్లకు కొత్త యంత్రం పెట్టుకోవడమో, తలుపులు మూసుకోవడమో తప్ప దారి లేకపోయింది. ఎన్నో చిన్న హాళ్లు గోదాములుగా, ఫంక్షన్ హాళ్లుగా మారాయి.

యంత్రం ఖర్చు ఎవరు భరించాలన్న పేచీ తర్వాత కూడా సాగింది. డిజిటల్ కంపెనీలు వసూలు చేసే రుసుముల మీద 2018 మార్చి 2 నుంచి తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు కొన్నాళ్లు మూతబడ్డాయి. కొత్తదానికి మారడం వల్ల లాభం ఉంది, నిజమే. కానీ మారలేనివాడి సంగతి ముందుగా ఆలోచించకపోతే వాడు వరస నుంచే జారిపోతాడు.

పాతవాటిని ఎందుకు వదిలేస్తారు?

సైటు తయారుచేసేవాళ్లకూ కారణాలు లేకపోలేదు. మొదటిది ఖర్చు. ఒక్కో పాత బ్రౌజర్‌లో సైటును విడిగా పరీక్షించాలి, తేడా వస్తే సరిచేయాలి. రెండోది భద్రత. బ్రౌజర్‌కు, సైటుకు మధ్య నడిచే సమాచారానికి తాళం ఉంటుంది. టీఎల్ఎస్ 1.0, 1.1 అనే పాత తాళాలు గట్టివి కావని 2020లో పెద్ద బ్రౌజర్లన్నీ వాటిని పక్కన పెట్టాయి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు నడిచే చోట పాత తాళంతో సరిపెట్టుకోవడం మనకే ముప్పు.

మూడోది, బ్రౌజర్ కంపెనీలే పాతవాటికి మద్దతు ఆపేయడం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సెలవు చెప్పింది. 2025 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 139 నుంచి ఆండ్రాయిడ్ 10 గాని, ఆపైది గాని ఉండాలి. అంతకంటే పాత ఫోనులో క్రోమ్ ఉన్నచోటే ఆగిపోతుంది. 2017లో రూ.1500 డిపాజిట్‌తో వచ్చిన జియోఫోను మన పల్లెల్లో చాలామంది తీసుకున్నారు. అందులోని బ్రౌజర్ 2016 నాటి ఫైర్‌ఫాక్స్ మీద కట్టినది. నిన్న మొన్న తయారైన సైటు అందులో తడబడటంలో వింత లేదు.

లెక్కలో కనబడని రైతు

ఏ బ్రౌజర్ వదలాలో తేల్చడానికి సైటువాళ్లు మామూలుగా ఒక లెక్క చూస్తారు. సైటుకు వచ్చిన ప్రతి బ్రౌజర్ తన పేరు, రకం చెబుతుంది. నూటికి ఒకరో ఇద్దరో మాత్రమే పాతది వాడుతుంటే వదిలేయవచ్చని అనుకుంటారు. ఇక్కడే మోసం ఉంది. రెండుసార్లు ప్రయత్నించి తెరుచుకోక మానేసిన రైతు మూడోసారి ఆ లెక్కలోకే రాడు. మార్కెట్ యార్డుకు చేరిన బస్తాలు మాత్రమే లెక్కపెట్టి, దారిలో బండి దిగబడినవాడికి పంటే లేదన్నట్టు ఉంటుంది.

సినిమా కంపెనీ లెక్క వేరు. హైదరాబాద్‌లో 2020లో మొదలైన ఆహా లాంటి ఓటీటీలో సినిమా ఆడకపోతే ఒక సాయంత్రం పోతుంది, టీవీలో వచ్చినప్పుడు చూసుకోవచ్చు. పహాణీకి, పత్తి స్లాటుకు ఇంకో కంపెనీ ఉండదు. ఆ తలుపు మూసుకుంటే రైతు దళారి దగ్గరికే పోవాలి. అందుకే సర్కారు సైటు నూటికి ఒక్కడిని కూడా తేలిగ్గా వదలకూడదు.

దారి లేకపోలేదు

సైటు అసలుదో నకిలీదో బ్రౌజర్ ఒక ధ్రువపత్రం చూసి తేల్చుకుంటుంది, విత్తన సంచికి ట్యాగు చూసినట్టు. ఆ పత్రాలు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ, ఆండ్రాయిడ్ 7.1 కంటే పాత ఫోన్లలో తమ పత్రాలు 2021 నుంచి చెల్లవని 2020 నవంబరులో ప్రకటించింది. అప్పటికి ఆండ్రాయిడ్ ఫోన్లలో అలాంటివి 33.8 శాతం. అంతమందిని వదలలేక మళ్లీ దారి వెతికి, 2024 సెప్టెంబరు దాకా వెసులుబాటు ఇచ్చింది. మనసుంటే మార్గం దొరుకుతుంది.

రైతుకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. బాపట్ల సాంబ మసూరి 1986లో విడుదలైంది. అగ్గితెగులు సోకుతుందని తెలిసినా బియ్యం నాణ్యత చూసి రైతులు దాన్ని వదల్లేదు. పాతదని విత్తనం ఆపేయకుండా, కొత్త రకాలు ఇస్తూనే పాతదానికి జాగ్రత్తలు చెబుతూ వచ్చారు. సైట్లకూ ఇదే సరి. బొమ్మలు, హంగులు కొత్త ఫోన్లకు ఉంచుకోవచ్చు. పేరు నమోదు, సర్వే నంబరు వెతకడం, రసీదు తీసుకోవడం లాంటి అసలు పనులు సాదా పేజీలో, తాళం గట్టిగా ఉంచి, వీలైనన్ని పాత బ్రౌజర్లలో నడవాలి. ఏదైనా వదలక తప్పకపోతే పంట కోతకు వచ్చాక కాదు, ఒక సీజను ముందే తెలుగులో చెప్పాలి. పక్కనే ఇంకో దారి చూపాలి.

రైతులు చేయవలసినవి

* ఫోను సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' నొక్కి ఆండ్రాయిడ్ ఎంతో చూసుకోండి. 10 గాని, ఆపైన గాని ఉంటే ప్లే స్టోర్‌లో క్రోమ్‌ను అప్‌డేట్ చేయండి. ఇంతటితోనే సగం చిక్కులు తీరవచ్చు.

* 10 కంటే తక్కువైతే సైటు తెరుచుకున్నా ఆ ఫోనులో బ్యాంకు పనులు పెట్టుకోకండి. ఇంట్లో కొత్త ఫోను ఉన్నవాళ్లది వాడండి. ఓటీపీ మాత్రం బయటివాళ్లకు చెప్పవద్దు.

* పీఎం కిసాన్ ఈ-కేవైసీ ఫోనులో ఓటీపీతో కాకపోతే సీఎస్‌సీ కేంద్రంలో వేలిముద్రతో చేయించుకోవచ్చు. యాప్‌లో ముఖం చూపించి చేసుకునే వీలు 2023 నుంచి ఉంది.

* గడువు చివరి రోజు దాకా ఆగకండి. ఫోను మొరాయిస్తే మీసేవకో, రైతు సేవా కేంద్రానికో, వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికో వెళ్లే వ్యవధి ఉంచుకోండి.

* 'సైటు రావడం లేదు' అని ఊరుకోకుండా ఫోను రకం, ఆండ్రాయిడ్ నంబరు, తేదీ, తెర మీద వచ్చిన మాట కాగితం మీద రాసి మండల అధికారికి ఇవ్వండి. ఊళ్లో పదిమంది కలిసి ఇస్తే ఇంకా మంచిది. లెక్కలో కనబడని రైతు అప్పుడైనా లెక్కలోకి వస్తాడు.