కళ్ళు మసకబారితే ముందు ఆస్పత్రికి

2025 ఆగస్టులో ఒక రాత్రి మా బిల్డింగు హారిస్ ఫోన్ చేశాడు. కడప జిల్లా మనిషి. "సార్, మా రూములో ఒకన్న నిన్న తాగినాడు. ఇప్పుడు కండ్లు మసగ్గా ఉండాయంటన్నాడు. ఆస్పత్రికి పోతే పోలీసులకు చెప్తారా?" అని అడిగాడు. విదేశంలో ఎమ్మెస్ చదివిన నేను, "పడుకోమను, దిగిపోతుందిలే" అన్నాను.

అది ఎంత తప్పు మాటో ఆ వారంలోనే తెలిసింది. కల్తీ సారా వల్ల 63 మంది ఆస్పత్రుల పాలయ్యారని, 13 మంది చనిపోయారని కువైట్ ఆరోగ్య శాఖ మొదట ప్రకటించింది. తరువాత ఆ లెక్క 160కి, మృతులు 23కి చేరారు. ఎక్కువమంది ఆసియా దేశాలవారే. మనదేశంవారు సుమారు 40 మంది ఆస్పత్రుల్లో ఉన్నారని భారత రాయబార కార్యాలయం తెలిపింది.

కారణం మిథనాల్. చూడటానికి మామూలు మద్యంలాగే ఉంటుంది, తాగితే మత్తూ ఎక్కుతుంది. అసలు చిక్కు తరువాత మొదలవుతుంది. కాలేయం దాన్ని మొదట ఫార్మాల్డిహైడ్ గా, ఆపైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. దీనికి చాలాసార్లు 12 నుంచి 24 గంటలు పడుతుంది కాబట్టి, మరునాడు వచ్చే తలనొప్పి, వాంతులు, మసకచూపు హ్యాంగోవర్ అనిపిస్తాయి. మందు లేకపోలేదు. ఫోమెపిజోల్ ఇస్తే ఆ మార్పు ఆగుతుంది, డయాలిసిస్ చేస్తే విషం బయటకు పోతుంది. కానీ గంటలు ముఖ్యం.

కువైట్ లో మద్యం దిగుమతిపై 1964 నుంచి నిషేధం ఉంది. ఆ సంఘటన తరువాత పోలీసులు 67 మందిని పట్టుకున్నారు, నడుస్తున్న 6 సారా స్థావరాలను మూయించారు. చేయవలసిందే. కానీ ఆస్పత్రి గుమ్మం దగ్గర భయం అలాగే ఉంటే ఆ దాడులు సగం పనే అని నా అభిప్రాయం. దొరికితే వీసా పోతుంది, ఊళ్ళో అప్పు మిగులుతుంది అనుకునేవాడు రూములోనే పడుకుంటాడు.

మనకూ ఈ అనుభవం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ హయాంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. దొంగరవాణా, ఖజానా లోటు మధ్య 1997లో సడలించారు. అక్కడ నష్టపోయిన ఇల్లాళ్ళే కాపలా కాశారు. ఇక్కడ ఆ ఇల్లాళ్ళు రాజంపేటలో, రాయచోటిలో ఉన్నారు. రూములో ఉన్నది పదిమంది మగవాళ్ళు.

ఆ అన్నను చివరికి హారిసే నా మాట వినకుండా ఆ రాత్రే టాక్సీలో తీసుకెళ్ళాడట. బ్రతికాడు. ఫోనులో అక్షరాలు మాత్రం ఇప్పటికీ కనబడవు. ఇంటికి ఫోన్ కలపాలంటే పక్కవాళ్ళు నొక్కిపెట్టాలి.

ఇప్పుడు మా బిల్డింగు మెట్ల దగ్గర ఒక కాగితం ఉంది. తెలుగు, హిందీ, బెంగాలీల్లో: "తాగిన మరునాడు చూపు మసకైతే పడుకోవద్దు. 112కి ఫోన్ చేయండి. ఏం తాగారో డాక్టరుకు దాచకండి." తెలుగు నేను రాశాను. మిగతా రెండూ హారిస్ ఎవరినో పట్టుకుని రాయించాడు.