తెర వెనక అన్నీ తామే

వాన మొహం చాటేసిన ఏడాది తోలుబొమ్మలాటగా విరాటపర్వం ఆడిస్తే మబ్బు కమ్ముతుందని పల్లెల్లో పాత నమ్మకం. వేరుశెనగ విత్తి ఆకాశంకేసి చూసే నల్లమాడ లాంటి చోట ఆ నమ్మకానికి బరువెక్కువ. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడిన ఉమ్మడి అనంతపురం నేల ఇది. ఆ ఆట ఆడేవాళ్లూ ఎక్కడో లేరు. నల్లమాడకు వాయవ్యాన, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో ఉన్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

తోలుబొమ్మల కళాకారుడని ఒక్క మాటలో తేల్చేస్తాం. అందులో ఎన్ని విద్యలున్నాయో తెలియాలంటే మేకతోలు దగ్గర మొదలుపెట్టాలి. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడితే వెలుతురు పారే పలుచని పొర మిగులుతుంది. దానిమీద రాముణ్నో రావణుణ్నో గీస్తారు. ఉలితో నగలకు చిల్లులు పొడుస్తారు. రంగు రెండువైపులా వేయాలి, బొమ్మ ఎటు తిరిగినా ప్రేక్షకుడికి రంగు కనబడాలి కదా. ఆ చిల్లుల పని ఉత్త అలంకారం కాదు. తోలులోంచి వచ్చే వెలుగు రంగు పూసుకుని వస్తుంది, చిల్లులోంచి వచ్చేది తెల్లగా దూసుకొస్తుంది. హారం మెరిసేది అందుకే. ఉలి పట్టినప్పుడే ఆ చేతికి రాత్రి తెర గుర్తుండాలి.

అంతవరకూ చిత్రకారుడు. తెల్లబట్ట కట్టి వెనక దీపం పెట్టాక అదే మనిషి నటుడు, గాయకుడు. ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత కరెంటు బల్బులు. బొమ్మను తెరకు ఆనిస్తే గీత స్పష్టంగా పడుతుంది. దీపం వైపు లాగితే నీడ ఉబ్బి, మసకబారి మాయమవుతుంది. హనుమంతుడు పెరగడానికి ఆ కాస్త కదలికే చాలు. కాళ్లకింద చెక్కపలకలుంటాయి. యుద్ధమొస్తే వాటిని దబదబా తొక్కుతారు. చేతుల్లో బొమ్మ, నోట్లో పద్యం, కాలికింద రణరంగం, అన్నీ ఒకే తాళానికి నడవాలి. ఆడవాళ్లు సీతకూ ద్రౌపదికీ గొంతునిస్తారు. కథ బరువెక్కిందనగా జుట్టుపోలిగాడూ బంగారక్కా దూకి ఊరిని నవ్విస్తారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మరొకటి. ఈ ఆట ఆడే కుటుంబాల ఇంటి భాష మరాఠీ. తెర వెనకకు వెళితే రంగనాథ రామాయణం ద్విపదలు నోటికి వచ్చేస్తాయి. తెలుగును ఇంత శ్రమపడి మోసినవాళ్లను మనం తెలుగు సాహిత్య చరిత్రలో ఎందుకు చేర్చుకోమో నాకు అర్థం కాదు.

రాత్రంతా సాగే ఆటలకు పిలుపులు తగ్గాక నిమ్మలకుంట దీపపు తొడుగుల వైపు మళ్లింది. అవే తోళ్లు, అవే చిల్లులు, ఇప్పుడు నగరాల్లో డ్రాయింగ్ రూముల బల్బుల చుట్టూ వెలుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఇది పతనమని నేననను. ఆ తొడుగులే లేకపోతే ఉలి పట్టే చేయి ఏనాడో కూలిపనికి పోయేది.

కానీ కొనేవాడు చేతిపనికే డబ్బిస్తాడు. గొంతుకు ధర లేదు. బొమ్మ గీయడం నేర్చుకున్న పిల్లకు నాలుగు రూపాయలొస్తాయి. మైరావణ చరిత్ర కంఠస్థం చేసిన పిల్లకు ఎవరిస్తారు? విద్యలన్నీ కలిసి ఒక మనిషిలో బతికిన కళను మార్కెట్ ముక్కలు చేసి, అమ్ముడుపోయే ముక్కనే ఉంచుకుంది. మ్యూజియం గాజు వెనక వేలాడే బొమ్మ పక్కన పాట లేదు, తొక్కే పలక లేదు.

శ్రీరామనవమికి డీజేకి చందాలు వేసుకునే ఊళ్లు మన జిల్లాలో తక్కువేం కాదు. ఈసారి నల్లమాడో ముదిగుబ్బో ఆ డబ్బుతో ఒక జట్టును పిలవాలి. అరగంట ముచ్చటకు కాదు, తెల్లవార్లూ సుందరకాండ ఆడించడానికి. పాడే ఆడవాళ్లకూ, మద్దెల వాయించేవాళ్లకూ బొమ్మలాడించేవాళ్లతో సమానంగా ఇవ్వాలి. పిల్లలను ముందువరసలోనే కాదు, కాసేపు తెర వెనకా కూర్చోబెట్టాలి.