నొప్పి మాత్రలు - రక్తనష్టము

నాట్లనాడు నడుము నొప్పికిని, కోతలనాడు మోకాళ్ల నొప్పికిని కిరాణా కొట్టునుండి బిళ్ళ తెచ్చి మ్రింగుట మన గ్రామములలో వాడుకయై యున్నది. ఎప్పుడో యొకనాడు పుచ్చుకొనువారిని గూర్చి మేము వ్రాయుట లేదు. నెలల తరబడి దినమునకు రెండేసి మ్రింగు సభ్యులు తమ రక్తమునకు కలుగు నష్టమును తెలిసికొనవలయునని మా కోరిక.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఏస్పిరిన్ మొదలగునవి ప్రోస్టాగ్లాండినులను పదార్థములు శరీరమున పుట్టకుండ అడ్డగించి నొప్పిని తగ్గించును. జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు 1971లో ఈ సంగతిని వెల్లడించెను. అయితే ఆ పదార్థములే జీర్ణకోశపు లోపొరను ఆమ్లమునుండి కాపాడుచుండును. ఆ కాపుదల పోగా పొర పుండుపడి రక్తము కారును. మందు నొప్పిని అణచుచుండుటచే పుండు పడినట్లు రోగికి తెలియకపోవుటయు కలదు.

ఇందలి లెక్క చూడుడు. ఒక మిల్లీలీటరు రక్తములో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము కలదు. దినమునకు 5 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న చెంచాడు రక్తము పోయినచో 2.5 మిల్లీగ్రాముల ఇనుము పోవును. ఆహారమునుండి శరీరము సాధారణముగా దినమునకు గ్రహించునది 1 లేక 2 మిల్లీగ్రాములే. జమకంటె ఖర్చు హెచ్చు. చెంచాడు రక్తము మలములో కంటికి కనబడదు. కొన్ని మాసములకు ఆయాసము, కండ్లు తిరుగుట, ముఖము పాలిపోవుట కలుగును. వయసు మళ్లినదనియో, పని హెచ్చినదనియో సరిపెట్టుకొని మరియొక బిళ్ళ మ్రింగుదురు. మాకు మిక్కిలి చింత కలిగించునది ఇదియే. రక్తము ముందే తక్కువగానున్న స్త్రీలకు ఈ నష్టము మరింత త్వరగా తగులును.

రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లను ఏస్పిరిన్ వాని ఆయుర్దాయమంతయు, అనగా 7 మొదలు 10 దినములవఱకు, పనిచేయనీయదు. కావున పన్ను తీయించుకొనుటకు ముందుగనే వైద్యునకు చెప్పవలెను. గుండెజబ్బునకై వైద్యుడిచ్చిన ఏస్పిరిన్‌ను మాత్రము ఎవరును తమంతట మానరాదు.

అనాల్జిన్ అరుదుగా తెల్లకణములను నశింపజేయును. అమెరికాలో 1977లో దీనిని తొలగించిరి. మన ప్రభుత్వము 2013లో నిలిపి, 2014లో హెచ్చరికతో మరల అనుమతించెను. దీనిని వాడుచుండగా తీవ్రజ్వరము, గొంతు నొప్పి, నోటి పుండ్లు వచ్చినచో వెంటనే మాని ఆసుపత్రికి పోవలెను.

మలము తారువలె నల్లగా, జిగటగా వచ్చినచో జాగు చేయరాదు. ఇనుము మాత్రలవలనను మలము నల్లబడును గాన, అవి వాడువారు ఆ సంగతియు చెప్పవలెను. అఱువది దాటినవారికిని, పూర్వము పుండు పడినవారికిని, మద్యము త్రాగువారికిని, స్టెరాయిడ్లు గాని రక్తము పలుచబఱచు మందులు గాని వాడువారికిని అపాయము హెచ్చు.

దీర్ఘకాలము వాడినవారు ప్రభుత్వ ఆసుపత్రిలో హీమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొందురు గాక. పురుషులకు 13, గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాములకు తగ్గినచో రక్తహీనతయే. పోవునపుడు వాడిన మందుల అట్టలన్నియు వెంట తీసికొనిపోవలెను. పేర్లు రెండైనను లోపలి మందు ఒక్కటియే యగుట తఱచు.