ల్యాప్‌టాప్ లోపలి కంప్యూటర్ నుంచి ప్రింట్ రావడం లేదా?



పై తరగతుల పిల్లల్లో కొందరు ఇంట్లోని విండోస్ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ పెట్టుకుని, అందులో ఉబుంటు నడుపుతూ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారు. మంచి అలవాటే. చిక్కంతా ప్రాజెక్టు సబ్మిషన్‌కు ముందు రోజు రాత్రి వస్తుంది. ఫైలు సిద్ధంగా ఉంటుంది. మీ ఫోన్ నుంచి వైఫై ప్రింటర్‌కు ప్రింట్ వెళ్తుంది. ఉబుంటుకు మాత్రం ఆ ప్రింటర్ కనిపించదు. పిల్లల్ని కోప్పడే ముందు, మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఈ కింది విషయాలు చూడండి.

అసలు కారణం ఏమిటి?

వర్చువల్ మెషీన్ అంటే మీ ల్యాప్‌టాప్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ మామూలుగా దాన్ని 'నాట్' అనే పద్ధతిలో నెట్‌కు కలుపుతుంది. గేటెడ్ కమ్యూనిటీని ఊహించుకోండి. లోపలివాళ్లు బయట ఎవరికైనా ఫోన్ చేయగలరు. కానీ వీధిలో కూరగాయల బండి కేక వాళ్లకు వినబడదు. ప్రింటర్లు, కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనుక్కునేది అలాంటి కేకలతోనే. అవి నాట్ గేటు దాటవు. అందుకే ప్రింటర్ జాబితాలో కనిపించదు. అయితే నంబరు తెలిస్తే ఫోన్ చేయవచ్చు కదా! ఇక్కడ ఆ నంబరు ప్రింటర్ ఐపీ అడ్రస్.

ఇలా ఒక్కొక్కటే చూడండి

1. ప్రింటర్ స్క్రీన్‌పై నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ చూడండి. ఉదాహరణకు 192.168.1.20 లాగా ఉంటుంది. స్క్రీన్ లేకపోతే నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీయండి. ల్యాప్‌టాప్, ప్రింటర్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఒకటి గెస్ట్ వైఫైలో ఉంటే సాధారణంగా కలవవు.

2. ఆ అడ్రస్‌ను మొదట విండోస్ బ్రౌజర్‌లో, తర్వాత ఉబుంటు బ్రౌజర్‌లో టైప్ చేయండి. చాలా ప్రింటర్లకు సొంత పేజీ ఉంటుంది. రెండింటిలోనూ తెరుచుకోకపోతే తేడా వైఫైలోనో ప్రింటర్‌లోనో ఉండవచ్చు. విండోస్‌లో మాత్రమే తెరుచుకుంటే తేడా వర్చువల్ మెషీన్ నెట్‌వర్క్‌లో ఉంది. రెండింటిలోనూ తెరుచుకుంటే దారి బాగానే ఉంది.

3. దారి బాగుంటే ఉబుంటు సెట్టింగ్స్‌లో ప్రింటర్స్‌కు వెళ్లి, యాడ్ ప్రింటర్ నొక్కి, అదే అడ్రస్ ఇవ్వండి. చాలాసార్లు ఇక్కడితో పని అయిపోతుంది.

4. లేకపోతే మెషీన్‌ను షట్‌డౌన్ చేసి, వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 'నాట్' బదులు 'బ్రిడ్జ్‌డ్ అడాప్టర్' ఎంచుకోండి. అప్పుడు ఉబుంటు కూడా మీ రౌటర్ నుంచి సొంత అడ్రస్ తీసుకుని, ఇంట్లోని మరో కంప్యూటర్‌లా నడుస్తుంది. కొన్ని వైఫై కార్డులతో ఇది సరిగా పనిచేయదు. అలాంటప్పుడు తిరిగి నాట్‌కే మార్చేయండి.

నిన్న వచ్చిన ప్రింట్ ఈ రోజు రాకపోతే, రౌటర్ ప్రింటర్‌కు కొత్త అడ్రస్ ఇచ్చి ఉండవచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్‌కు ఒకే అడ్రస్ ఉండేలా రిజర్వ్ చేస్తే ఈ బాధ ఉండదు.

జాగ్రత్తలు

ప్రింట్ రాలేదని పదిసార్లు బటన్ నొక్కనివ్వకండి. కనెక్షన్ కుదిరాక పది కాపీలూ ఒకేసారి వస్తాయి. పేపరూ ఇంకూ వృథా. ముందు ఆగిపోయిన ప్రింట్లను క్యాన్సిల్ చేయించండి. ఊరూపేరూ తెలియని సైట్ల నుంచి డ్రైవర్లు దించుకోవద్దు.

రాత్రి పదకొండు దాటితే రిపేరు ఆపేయండి. ఉబుంటులో ఫైలును పీడీఎఫ్‌గా సేవ్ చేసి, మెయిల్‌లో పంపుకుని విండోస్ నుంచి ప్రింట్ తీయండి. మిగతాది ఆదివారం చూసుకోవచ్చు.

ఆ ఆదివారం మౌస్ మాత్రం పిల్లల చేతికే ఇవ్వండి. మీరు పక్కన కూర్చుని "ఎక్కడి దాకా వెళ్తోంది? ఎక్కడ ఆగిపోతోంది?" అని అడగండి చాలు. కంప్యూటర్ ల్యాబ్‌లో మేము వాళ్లను అడిగేదీ ఇదే.