మీకొచ్చింది డౌటా... ప్రశ్నా?

లెక్చరర్ పాఠం ముగించి ‘ఎనీ డౌట్స్?’ అంటారు. వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేస్తుంది. ‘సర్, వన్ డౌట్!’

కోచింగ్ సెంటర్‌లో డౌట్స్ అవర్, వాట్సాప్ గ్రూపులో ‘చిన్న డౌట్ బ్రో’, పరీక్ష ముందు రోజు రాత్రి ‘ఈ ఒక్క డౌట్ క్లియర్ చెయ్యవా’... ఈ మాట లేకుండా మనకు రోజు గడవదు. నాకు ఇంగ్లిష్ రాదు అని భయపడేవాళ్లు కూడా ధైర్యంగా వాడేసే మాట ఇది. వచ్చేసిందనుకుంటాం కాబట్టే దీని అర్థం ఎవరూ డిక్షనరీలో చూడరు. నేనూ చూడలేదు. ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో చూడాల్సొచ్చింది.

ఒక్క మాటకు ఒక రోజు పోయింది

అప్పట్లో మా టీమ్ అమెరికాలోని ఒక క్లయింట్‌కి రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ చూసేది. ఒక రోజు రిపోర్టుల్లో ఎర్రర్లు మొదలయ్యాయి. సాయంత్రం దాకా తవ్వితే నాకు ఒకటి కనిపించింది. ప్రతి నెలా 12వ తేదీ వరకు రిపోర్టు వస్తోంది, 13 నుంచి ఆగిపోతోంది. మనం తేదీ ముందు రాస్తాం, అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. మన 13వ తేదీని వాళ్ల సిస్టమ్ 13వ నెల అనుకుంటోందన్నమాట. భలే పట్టేశాననుకుని ఇంటికెళ్లే ముందు వాళ్లకి మెయిల్ కొట్టాను. ‘ఐ డౌట్ ది డేట్ ఫార్మాట్ ఈజ్ ది ప్రాబ్లమ్.’

‘డేట్ ఫార్మాట్ దగ్గరే తేడా ఉందని నా డౌట్’ అని నా ఉద్దేశం. వాళ్లకి అర్థమైంది మాత్రం సరిగ్గా దానికి రివర్స్: ‘సమస్య డేట్ ఫార్మాట్ అయ్యుండదని నేననుకుంటున్నా.’ దాంతో వాళ్లు ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ వెతికారు. మర్నాడు మా టీమ్ లీడ్ పిలిచి, ‘డేట్ ఫార్మాట్ కాదని నువ్వే రాశావట కదా?’ అంది. ‘లేదక్కా, అదే అని రాశాను’ అంటూ మెయిల్ తెరిచి చూపించాను. ఒకసారి చదివి నవ్వింది. ‘డౌట్ కాదు నాన్నా, సస్పెక్ట్.’

బగ్ పట్టుకున్నది నేనే. దాన్ని తొక్కిపెట్టిందీ నేనే. గ్రామర్‌లో తప్పు లేదు, స్పెల్లింగ్‌లో తప్పు లేదు. అందుకే అవతలివాళ్లకీ అనుమానం రాలేదు.

మన డౌట్‌లో ముగ్గురున్నారు

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. తెలుగులో మనం డౌట్‌ని మూడు పనులకు వాడతాం.

మొదటిది, ప్రశ్న. ‘సర్, ఒక డౌట్’ అంటే తెలియనిది అడుగుతున్నామని. తెలుగులో ‘సందేహాలు ఉంటే అడగండి’ అంటాం కదా, ఆ సందేహం కుర్చీలో డౌట్‌ని కూర్చోబెట్టాం.

రెండోది, అనుమానం. ‘పర్సు వాడే తీశాడని నా డౌట్’ అంటే తీశాడనే అనుకుంటున్నామని.

మూడోది, నమ్మకం లేకపోవడం. ‘ఈ వానలో బస్సు రావడం డౌటే’ అంటే రాకపోవచ్చని.

ఈ ముగ్గురిలో ఇంగ్లిష్ వాళ్లు గుర్తుపట్టేది మూడోవాడినే. వాళ్ల దృష్టిలో డౌట్ అంటే ఒక విషయం నిజమా కాదా, జరుగుతుందా లేదా అన్న అపనమ్మకం. ‘ఐ డౌట్ హి విల్ కమ్’ అంటే వాడు రాడనే అనుకుంటున్నా అని. మన బస్సు వాక్యం కూడా అదే కదా! అంటే సరైన వాడుక మన నోట్లో ఎప్పటి నుంచో ఉంది, మిగతా రెంటితో కలిసిపోయి కనబడటం లేదంతే.

ఇక రెండోవాడు చాలా ప్రమాదం. ‘ఐ డౌట్ హి టుక్ ది పర్స్’ అంటే ఇంగ్లిష్‌లో వాడు తీసుండడని మీరు వెనకేసుకొచ్చినట్టు. అనుమానం చెప్పాలంటే ‘ఐ సస్పెక్ట్’ అనండి, లేదా హాయిగా ‘ఐ థింక్’ అనండి.

మొదటివాడు కొంప ముంచడు, కానీ ఇబ్బంది పెడతాడు. మన ఆఫీసుల్లో పక్క సీటు వాళ్లతో ‘వన్ డౌట్’ అంటే ఏమీ కాదు, అందరికీ అర్థమవుతుంది. అదే విదేశీ క్లయింట్‌తో ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్’ అంటే, మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదని మొహం మీద చెప్పినట్టు వినిపించొచ్చు. మీరు అడగాలనుకున్నది ఒక చిన్న ప్రశ్న. అక్కడ ‘ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ది డిజైన్’ అంటే చాలు.

ఇది మన తెలివితక్కువతనమా?

కాదు. షేక్‌స్పియర్ కాలం ఇంగ్లిష్‌లో డౌట్‌కి ‘అలా జరిగిందేమోనని అనుమానించడం’ అనే అర్థం కూడా ఉండేది. స్కాట్లాండ్‌లో ఇప్పటికీ కొందరు ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే వాన పడేలా ఉందనే అర్థం. కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకుని మాట మార్చుకుంటే సరిపోతుంది.

ఆ మాటకొస్తే, డౌట్‌లో పలకని ‘బి’ అక్షరం ఎందుకుందో తెలుసా? ఈ మాట ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. దీని మూలం లాటిన్‌లోని ‘దుబితారే’ అని చూపించడానికి పండితులు తర్వాత ఆ అక్షరాన్ని ఇరికించారు. స్పెల్లింగ్ మారింది, పలుకు మారలేదు. అప్పు అనే అర్థంలో వాడే ‘డెట్’ కథ కూడా ఇంతే. ఇంటర్వ్యూలో ‘డౌబ్ట్’ అని పలికి అతి చెయ్యకండి.

‘నో డౌట్’తో కొంచెం జాగ్రత్త

‘ఈ సినిమా హిట్టే, నో డౌట్’ అంటాం. మన దృష్టిలో అది వంద శాతం గ్యారంటీ. ఇంగ్లిష్‌లో మాత్రం వాక్యం మధ్యలో వచ్చే ‘నో డౌట్’కి చాలాసార్లు ‘బహుశా’ అన్నంత బలమే ఉంటుంది. ‘యు ఆర్ నో డౌట్ టైర్డ్’ అంటే అలసిపోయే ఉంటారు, అని ఊహించడం. కచ్చితంగా అని చెప్పాలంటే ‘వితౌట్ ఎ డౌట్’ లేదా ‘డెఫినెట్లీ’ వాడండి.

‘బెనిఫిట్ ఆఫ్ ది డౌట్’ మీకు క్రికెట్‌లో తెలిసిందే. అవుటో కాదో తేల్చుకోలేకపోతే అంపైర్ ఆ లాభం బ్యాటర్‌కి ఇస్తాడు. కోర్టులో నిందితుడికి దొరికేదీ అదే.

ఇంటర్వ్యూలో, మెయిల్‌లో ఎలా?

ఇంటర్వ్యూ చివర ‘డు యు హావ్ ఎనీ క్వశ్చన్స్ ఫర్ అజ్?’ అని అడుగుతారు. మనవాళ్లు చాలామంది ‘నో డౌట్స్, సర్’ అని లేచి వచ్చేస్తారు. వాళ్లు అడిగింది ప్రశ్నలు, మనం చెప్పింది మాకు మీ మీద అపనమ్మకం లేదని! ఒక ప్రశ్న సిద్ధం చేసుకుని వెళ్లండి. ‘వాట్ వుడ్ ఐ వర్క్ ఆన్ ఇన్ ది ఫస్ట్ సిక్స్ మంత్స్?’ లాంటిది చాలు.

కోడింగ్ రౌండ్‌లో ప్రశ్న సరిగ్గా అర్థం కాకపోతే ‘డౌట్ సర్’ అనే బదులు ‘కెన్ ఐ అజ్యూమ్ ది ఇన్‌పుట్ ఈజ్ సార్టెడ్?’ అని నేరుగా అడగండి. ఏం తెలియదో మీకు స్పష్టంగా తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

గ్రూప్ డిస్కషన్‌లో ‘ఐ డౌట్ దట్’ అంటే కాస్త పెళుసుగా ఉంటుంది. ‘ఐ సీ యువర్ పాయింట్, బట్ ఐ యామ్ నాట్ ష్యూర్’ అని మొదలుపెడితే గొడవ లేకుండా కాదని చెప్పొచ్చు.

ఆఫర్ వచ్చాక హెచ్‌ఆర్‌కి ‘ఐ హావ్ ఎ డౌట్ ఇన్ మై ఆఫర్ లెటర్’ అని రాయకండి. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ మై జాయినింగ్ డేట్’ అని దేని గురించో చెప్పి రాయండి.

మీరే చెప్పండి

ఈ మూడింటిని ఇంగ్లిష్‌లో ఎలా అంటారో, జవాబులు చూడకుండా ఒకసారి పైకి అనండి.

1. సర్వర్ డౌన్ అయిందని నా డౌట్.
2. రేపటికి ఈ పని పూర్తవడం డౌటే.
3. మేడమ్, రెండో స్టెప్‌లో ఒక డౌట్.

జవాబులు: 1. ఐ సస్పెక్ట్ ది సర్వర్ ఈజ్ డౌన్. 2. ఐ డౌట్ వి కెన్ ఫినిష్ దిస్ బై టుమారో. 3. మేడమ్, ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ది సెకండ్ స్టెప్.

చివరగా ఒక మాట. ఇదంతా చదివి, తప్పు మాట వస్తుందేమోనని అడగడమే మానేయకండి. నేను ఆ మెయిల్ తర్వాత కొన్ని వారాలు అదే చేశాను. ఏదైనా రాసేముందు పదిసార్లు ఆలోచించి, చివరికి రాయకుండా వదిలేసేవాణ్ని. అప్పుడు మా లీడే అంది, ‘తప్పు మాటతో అడిగితే ఒక రోజు పోయింది. అడగకపోతే ప్రాజెక్టే పోతుంది’ అని. మాట గుర్తురాకపోతే ‘వన్ డౌట్’ అనే అడిగెయ్యండి. వెంటనే ‘ఐ మీన్, ఎ క్వశ్చన్’ అని సర్దుకోండి. నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ అలాగే సర్దుకుంటుంటాను.